ఉగాది నుంచి పణా సంక్రాంతి దాకా: పొయ్యి దగ్గర తక్కువ నిలబడే చైత్రమాసపు వంట

మార్చి మూడో వారం దాటితే ఒడిశా అంచునున్న మా పర్లాకిమిడిలో పదింటికే వంటింటి కిటికీ ఊచలు వేడెక్కిపోతాయి. మా ఆవిడకి ఆసుపత్రిలో డ్యూటీ, ఎక్కువ వారాలు పొద్దుటి షిఫ్టే. పిల్లలకి బడి పొద్దుటి పూటకి మారిందంటే, పదకొండు కొట్టకముందే చెప్పులు గుమ్మంలో విసిరేసి "నాన్నా, ఏముంది?" అంటూ వచ్చేస్తారు. అందుకని ఉగాది నుంచి ఒడియావాళ్ళ కొత్త సంవత్సరమైన పణా సంక్రాంతి దాకా, ఈ నెల రోజులూ గరిటె నా చేతికొస్తుంది. అమ్మ పీట వేసుకుని కూచుని చెబుతుంది, నేను చేస్తాను. పదేళ్ళుగా ఇదే ఏర్పాటు.

మాకున్న నియమం ఒకటే. పొయ్యి ఐదున్నరకి వెలగాలి, ఏడున్నరకి ఆరాలి. రాత్రి అన్నానికి ఇంకో అరగంట. మిగతా పని రాత్రికీ, ఎండకీ, మట్టికుండకీ వదిలెయ్యాలి. కింద రాసినవన్నీ ఈ లెక్కలో పట్టేవే. కొలతలు ఐదుగురికి.

ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చాం, వాళ్ళు అటు ఉన్నారు. మా ఇంట్లో ఆవపెట్టిన కూరా, పఖాళా (ఒడియావాళ్ళ చద్దన్నం) ఒకే కంచంలోకి వస్తాయి కాబట్టి రెండు వైపుల మాటలూ కలుస్తాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, వంటింటి మాట వంటింట్లో అన్నట్టే రాస్తే తప్పులేదనుకుంటాను.

ముందుగా బజారు

పండగకి రెండు రోజుల ముందు ఒక్కసారే వెళ్ళండి. కొత్త చింతపండు కిలో, ఎందుకంటే ఈ రోజుల్లో అది కొండల మీంచి దిగుతుంది, ఎర్రగా మెత్తగా ఉంటుంది. కొత్త బెల్లం రెండు కిలోలు. మినపపప్పు కిలో, ఆవాలు పావుకిలో. ఒక బూడిద గుమ్మడికాయ, తొడిమె గట్టిగా ఉండి పైన బూడిద పట్టిందే తీసుకోండి. లేత పనసకాయ మాత్రం వండే ముందు రోజే కొనాలి. ఇక్కడ దాన్ని కఠా అంటారు. కోస్తే లోపల గింజ ఇంకా గట్టిపడకూడదు, గోరు గుచ్చితే దిగాలి. గింజ ముదిరితే అది పొట్టుకి పనికిరాదు, ముక్కల కూరకే.

ఇంట్లో మట్టికుండ లేకపోతే మూడు లీటర్లు పట్టేది ఒకటి కొనండి. కొత్త కుండని ఒక రోజంతా నీళ్ళలో నాననిచ్చి, రెండు రోజులు గంజి పోసి ఉంచి, తర్వాత వాడాలి. లేదంటే మొదటి వారమంతా అన్నానికి మట్టి వాసనే.

వేపపువ్వు, ఉగాది పచ్చడి

ఇది అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. తెల్లారగట్ల వేపచెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ మెల్లగా ఊపండి, విచ్చిన పువ్వు మాత్రమే రాలుతుంది. కాడలు ఏరేసి నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. పచ్చడికి ఒక చెంచాడు పక్కన పెట్టి, మిగతాది సీసాలో దాచండి. వేసవంతా నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రెండు గ్లాసుల పులుసు తీసి, 100 గ్రాముల బెల్లం కరిగించి, ఒక పచ్చి మామిడికాయ తరుగు, చిటికెడు ఉప్పు, కారానికి రెండు పచ్చిమిరపకాయలు, ఆఖర్న వేపపువ్వు. పువ్వు ముందే వేస్తే చేదంతా పులుసులోకి దిగిపోయి పిల్లలు మూతి తిప్పుకుంటారు. పూజ అయ్యాక, గిన్నెలు పంచే ముందు వెయ్యండి.

పొయ్యి వెలిగించే పనే లేదు ఇందులో. మన పెద్దవాళ్ళు కొత్త సంవత్సరాన్ని ఇలాంటి వంటతో మొదలుపెట్టారంటే ఎండ సంగతి వాళ్ళకి బాగా తెలుసన్నమాట.

కుండ అన్నం: మన తరవాణి, వాళ్ళ తొరాణి

ఈ 2026లో ఉగాది మార్చి 19న పడితే, మర్నాడే మార్చి 20. ఒడిశా అంతటా పఖాళ దినం జరుపుకునే రోజు. అంటే పండగ రాత్రి మిగిలిన అన్నానికి గతి దొరికినట్టే.

పఖాళ అంటే మన చద్దన్నమే. నీళ్ళలో నానబెట్టిన అన్నం. పులిసిన ఆ నీళ్ళని ఒడియాలో తొరాణి అంటారు, మన అమ్మమ్మలు తరవాణి అనేవారు. పక్కింటి మావుసికీ (ఒడియాలో పిన్ని) మా అమ్మకీ ఈ రెండు మాటల్లో ఏది అసలుదని ఏటా ఓ వాదన. ఇద్దరూ తాగేది మాత్రం ఒకే కుండలోది.

చేసే పద్ధతి:

1. రాత్రి ఏడింటికి రెండు గ్లాసుల బియ్యం (సుమారు 400 గ్రాములు) వండండి. ఉప్పుడు బియ్యమైతే మంచిది, నానినా మెతుకు చితకదు. నీళ్ళు ఎక్కువ పోసి వండి గంజి వార్చాలి. కుక్కర్ అన్నంతో చెయ్యొచ్చు కానీ మెత్తబడిపోతుంది.

2. వార్చిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టండి. పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉన్నా కుండలో వెయ్యకండి. అలాగని చల్లారింది కదా అని గంటల తరబడి ఊరికే వదిలెయ్యకూడదు, పాడు చేసే సూక్ష్మజీవులు పెరిగేది ఆ సమయంలోనే. గంటలోపు నీళ్ళలో పడాలి.

3. కుండలో అన్నం వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు మెతుకుల పైన రెండు వేళ్ళ ఎత్తు నిలిచేలా పొయ్యండి. మొదటి రోజైతే ఒక చెంచా పెరుగు కలపండి. రెండో రోజు నుంచి నిన్నటి తొరాణి అరగ్లాసు ఉంటే చాలు, పెరుగు అక్కర్లేదు.

4. బిగుతు మూత వద్దు. పల్చటి బట్ట కట్టి, పొయ్యికి దూరంగా నేల మీద పెట్టండి.

5. మార్చిలో ఎనిమిది నుంచి పది గంటలు. ఏప్రిల్ సగమయ్యాక ఆరేడు గంటలే. పొద్దున్న మూత తీస్తే పెరుగు దగ్గర వచ్చే పుల్లటి వాసన రావాలి.

6. ఉప్పు తినే ముందే. నలిపిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వేయించి నలిపిన జీలకర్ర, నిమ్మాకు రెండు, దొరికితే మామిడి అల్లం ముక్క. పెరుగు కలిపితే దహి పఖాళ, ఆవాలు ఎండుమిర్చి కరివేపాకు పోపు పెడితే చుంకా పఖాళ.

మొదటిసారి నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. తొందరలో పొగలు కక్కుతున్న అన్నంలోనే నీళ్ళు పోసి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. పొద్దున్న గరిటె ఎత్తితే జిగురు తీగల్లా సాగింది. అమ్మ దూరం నుంచే వాసన పట్టేసింది. "ఏటిరా అది, వేడన్నంలో నీళ్ళెవడు పొయ్యమన్నాడు? ఆవుక్కూడా పెట్టకు, పారబొయ్యి." అప్పట్నుంచి నా పరీక్ష ఇదే: పులుపు వాసన వస్తే తినాలి, జిగురొచ్చినా కుళ్ళు వాసన వచ్చినా నాలుక మీద వేసి చూడను కూడా చూడకూడదు. చంటిపిల్లలకీ, ఒంట్లో బాగోని పెద్దవాళ్ళకీ పులిసింది వద్దు. అప్పుడే వండి చల్లార్చి నీళ్ళు పోసిన సజ పఖాళ పెట్టండి.

పిల్లలు పదకొండింటికి వచ్చినప్పుడు పొయ్యి వెలిగించకుండా పెట్టగలిగే అన్నం ఇంకేముంది చెప్పండి.

పక్కన నంజుకోడానికి

బడి చూర ఐదు నిమిషాల పని. ఒడియాలో బడి అంటే వడియం. గుప్పెడు మినప వడియాలు నూనెలో ఎర్రగా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఉల్లిపాయ తరుగూ అర చెంచా పచ్చి ఆవనూనే కలపడమే. మిక్సీలో వేస్తే పొడైపోతుంది, కరకరలాడదు.

చైత్రంలో లేత వేపచిగురు, వంకాయ ముక్కలు కలిపి వేయించడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వంకాయ ముందు వేయించి తీసి, అదే నూనెలో చిగురు కరకరలాడేదాకా వేయించి కలపాలి. మా పెద్దవాడు చిగురు ఏరేసి వంకాయ మాత్రం తింటాడు. తిననీ, ఏదో ఒకటి తింటున్నాడు.

పనసపొట్టు ఆవపెట్టిన కూర

ఈ నెలలో ఇంతకన్నా మంచి కూర లేదని నా అభిప్రాయం. వండేది పొద్దున్న, తినేది మధ్యాహ్నం. చల్లారిన కొద్దీ రుచి పెరిగే కూర కాబట్టి మన లెక్కకి సరిగ్గా సరిపోతుంది.

రాత్రే పొట్టు కొట్టి పెట్టుకోండి. చేతులకీ కత్తికీ కత్తిపీటకీ నూనె రాసుకోవాలి, పనస పాలు అంటుకుంటే సబ్బుతో పోవు. కిలో కాయ ముళ్ళ చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, కత్తితో టకటకా నరుకుతూ పోతే పొట్టవుతుంది. అమ్మ చేతిలో కత్తి ఒకే వేగంతో ఆడుతుంది, పొట్టంతా ఒకే తీరుగా పడుతుంది. నా పొట్టులో సగం ముక్కలే. ఫరవాలేదు, ఉడికాక గరిటెతో మెదిపితే సర్దుకుంటుంది. నల్లబడకుండా పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పొద్దున్న పొట్టు పిండి, ఉప్పు, పసుపు, అరగ్లాసు నీళ్ళతో కుక్కర్లో ఒక్క కూత రానివ్వండి. రెండో కూత వస్తే గుజ్జే. నీళ్ళు వార్చేయండి.

మూకుట్లో నాలుగు చెంచాల నూనె వేడెక్కాక సెనగపప్పు, మినపపప్పు చెరో చెంచా, గుప్పెడు జీడిపప్పు (పక్కనే పలాస ఉండగా పిసినారితనం ఎందుకు), ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు, ఇంగువ, అల్లం పచ్చిమిర్చి ముక్కలు, రెండు రెమ్మల కరివేపాకు. రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, పొట్టు వేసి, పొడిపొడిగా అయ్యేదాకా పదినిమిషాలు కలుపుతూ ఉండండి. దింపేయండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొంచెం ఉప్పు, చెంచా చల్లటి నీళ్ళతో మెత్తగా నూరి, ఒక చెంచా పచ్చినూనె కలిపి ఉంచుకోండి. కూర మీద అరచెయ్యి పెడితే కాలకూడదు, గోరువెచ్చగా తగలాలి. అప్పుడే ఆవముద్ద కలపాలి. ఆవ ఘాటు నూరినప్పుడు నీళ్ళు తగిలి పుడుతుంది, వేడి తగిలితే పోతుంది, చేదు మాత్రం మిగులుతుంది. మావుసి వాళ్ళ బేసర కూరలో ఆవముద్ద వెల్లుల్లితో కలిపి నూరి కూరతోనే ఉడికిస్తారు. దాని రుచి వేరు, కమ్మగా ఉంటుందిగాని ముక్కులోకి ఎక్కదు. మా ఇంట్లో మొదటి ముద్దకి కళ్ళలో నీళ్ళు తిరక్కపోతే "ఆవ తక్కువైంది" అంటారు.

మూతపెట్టి మూడు గంటలు వదిలెయ్యండి. ఏడింటికి చేస్తే పదకొండింటికి అదును.

ఏప్రిల్ 1: వడియాల రోజు

ఉత్కళ దినం సెలవు. ఆఫీసూ లేదు, బడీ లేదు. మా ఇంట్లో ఆ రోజు మేడ మీదకి అందరూ ఎక్కాల్సిందే. గుమ్మడి వడియాలకి ఒకళ్ళ చెయ్యి చాలదు, పిల్లలకి ఇంతకన్నా మంచి ఆట లేదు.

ముందు రాత్రి గుమ్మడికాయ (రెండు కిలోలది) చెక్కూ గింజా తీసి సన్నగా తరిగి, రెండు చెంచాల ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి పొత్రం బరువు పెట్టండి. తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోవాలి. మూట పిండితే చుక్క రాకూడదు. వడియాలు పెంకుల్లా గట్టిపడ్డాయంటే చాలాసార్లు తప్పు ఇక్కడే జరుగుతుంది. అరకిలో మినపపప్పు కూడా పడుకునే ముందు నానబెట్టండి.

నాలుగున్నరకి లేచి పప్పు వడగట్టి, నీళ్ళు చిలకరిస్తూ మాత్రమే గట్టిగా రుబ్బండి. గ్రైండరైతే ఇరవై నిమిషాలు. తర్వాత చేత్తో ఒకే వైపుకి బాగా గిలకొట్టాలి. గిన్నెడు నీళ్ళలో చుక్క పిండి వెయ్యండి. తేలితే సరి, మునిగితే ఇంకాస్త గిలకొట్టాలి. తర్వాత గుమ్మడి తరుగు, పదిహేను పచ్చిమిరపకాయలు అల్లంతో నూరిన ముద్ద, రెండు చెంచాల జీలకర్ర, ఇంగువ. ఉప్పు రుచి చూసి వేసుకోండి, తరుగులో ముందే ఉంది.

ఆరున్నరకల్లా మేడ మీద తడి బట్ట పరిచి నిమ్మకాయంత ముద్దలు పెట్టేయాలి. అమ్మవి వరసగా, గుండ్రంగా. మా చిన్నదానివి కొన్ని చేపల్లా, ఒకటి ఏనుగులా వస్తాయి. వేయించాక ఏనుగు నాదంటే నాదని గొడవ. కాకుల కాపలా వంతులవారీగా, గొడుగూ నీళ్ళ సీసా దగ్గర పెట్టుకుని. పదింటి తర్వాత పిల్లల్ని కిందికి పంపేసి పైన పల్చటి చీర కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి.

రెండో రోజు బట్ట వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియాలు విరక్కుండా ఊడతాయి. తిరగేసి పళ్ళేల్లో ఎండబెట్టండి. మూడో రోజో నాలుగో రోజో, చేతిలో గలగలమన్నప్పుడు డబ్బాకెక్కించాలి. ఒకటి విరిచి చూడండి, మధ్యలో మెత్తదనం ఉంటే ఇంకో ఎండ పడాలి.

మా దగ్గర ఒక్కటే టెన్షన్: కాలబైశాఖి. ఏప్రిల్లో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి, వాన. పోయిన ఏడు రెండో రోజు సాయంత్రం బజారుకెళ్ళాను, వచ్చేసరికి మేడంతా నీళ్ళు. రాత్రంతా ఫ్యాను కింద పెట్టినా మూడోవంతు బూజు పట్టి పారబోశాం. అప్పట్నుంచి నాలుగింటికల్లా పళ్ళేలు లోపలికి తెచ్చేస్తాను, ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా సరే.

మామిడికాయ, రెండు రకాలు

పులిహోర చెయ్యాలంటే రెండు పుల్లటి కాయలు తురిమి, సగం తురుము పోపులో రెండు నిమిషాలు వేయించి, మిగతా సగం పచ్చిగానే చల్లారిన అన్నంలో కలపండి. పచ్చి తురుముతోనే వాసన నిలుస్తుంది.

ఆంబ ఖట్టాకి టెంకతో కోసిన ముక్కలు ఉప్పు పసుపుతో ఉడికించి, కాయ పులుపుని బట్టి 150 గ్రాముల దాకా బెల్లం వేసి, జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన పంచఫుటణ పోపు పెడితే అయిపోయింది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది. పఖాళలోకి ఇది ఉంటే కూర చెయ్యని రోజు గడిచిపోతుంది.

పణా సంక్రాంతి: మారేడు పానకం

ఏప్రిల్ 14. ఒడియావాళ్ళకి కొత్త సంవత్సరం. మన ఉగాది అయిన ఇరవై ఆరు రోజులకి, ఈసారి. శ్రీరామనవమికి మిరియాల పానకం, వడపప్పు చేసిన చెయ్యే ఇప్పుడు బేల పణాకి. బేల అంటే మారేడు పండు.

పసుపు రంగు తిరిగి, వాసన వస్తున్న పండు ఒకటి, కొబ్బరికాయంతది. నేలకేసి కొట్టి రెండు డిప్పలు చెయ్యండి. డిప్పలు ముక్కలవ్వకుండా చూసుకోండి. గుజ్జు గరిటెతో తీసి లీటరు చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తోనే పిసకాలి. మిక్సీ ముట్టుకోవద్దు, గింజ నలిగితే పానకమంతా చేదు. వెడల్పు కన్నాల జల్లెట్లో వడగట్టండి.

అందులో 150 గ్రాముల బెల్లం కరిగించి, కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు, అర చిప్ప కొబ్బరి కోరు, మెదిపిన అరటిపండు, అర చెంచా మిరియాల పొడి, రెండు ఏలకులు. అరలీటరు పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి గుడ్డలో వడగడితే వచ్చే ఛెనా నలిపి పైన వెయ్యండి. పచ్చకర్పూరం బియ్యపు గింజంత. హారతి కర్పూరం పొరపాటున కూడా వెయ్యకూడదు, అది తినేది కాదు.

చేసిన రెండు గంటల్లో తాగెయ్యాలి. ఫ్రిజ్‌లో పెడితే కొబ్బరి పాచివాసన వస్తుంది. మొదటి గ్లాసు తులసికోట దగ్గరికి. ఆ రోజు మావుసి తన తులసి మీద అడుగున కన్నం పెట్టిన చిన్న కుండ వేలాడదీస్తుంది, చుక్కచుక్కగా నీళ్ళు పడేలా. మా తులసికి కూడా ఒకటి కట్టి పోతుంది. ఆ కుండ రోజూ నింపే పని పిల్లలది.

మారేడు డిప్పలు కడిగి రెండెండలు ఎండబెట్టండి. ఒక దానితో మా చిన్నది తులసి కుండలో నీళ్ళు పోస్తుంది. రెండోది అమ్మ ఉప్పుకి పెట్టుకుంటుంది.